కథానాయకుని ప్రక్కన నిలిచినవాడు

ఒకనాడు తరగతిలో మనుచరిత్ర పాఠము చెప్పుచుండగా వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మాయాబజారులో హీరో ఎవరండీ?" అని అడిగినాడు. పాఠమునకును ప్రశ్నకును పొంతన లేదని తక్కిన పిల్లలు నవ్విరి. నేను కోపగించుకొనక ఆ ప్రశ్నను తరగతికే వదలితిని. ఒకడు కృష్ణుడనెను, రామారావుగారు ధరించిన పాత్ర కదా యని వాని వాదము. ఒక బాలిక అభిమన్యుడనెను. శశిరేఖను పెండ్లాడినవాడే నాయకుడని ఆమె తర్కము. ఇద్దరి మాటలును శాస్త్రసమ్మతములే. కాని చేతులెత్తుడని నేనడుగగా తరగతిలో ముప్పాతిక మంది ఘటోత్కచుని పక్షమున చేతులెత్తిరి.

ఆ చిత్రము విడుదలయినది 1957 మార్చి 27వ తేదీన. నాటికి ఈ పిల్లల తల్లిదండ్రులు సైతము పుట్టలేదు. అయినను తీర్పు మారలేదు. నా చిన్నతనమున బంటుమిల్లి ప్రాంతమున డేరా టాకీసు వెలసిన దినములలో, నేల టిక్కెట్టు కొని, ఇసుకను కుప్పగా ప్రోగుచేసికొని దానిపై కూర్చుండి నేనును ఆ చిత్రమును చూచితిని. తెరపై కృష్ణుడు కనబడగనే పెద్దలు చేతులు జోడించిరి. ఘటోత్కచుడు కనబడగనే పెద్దలు, పిల్లలు ఏకమై ఈలలు వేసిరి. భక్తి నాయకునకు, ఉత్సాహము సహాయపాత్రకు దక్కినవి. ఈ పంపకము నాకు అప్పుడే తెలిసినది కాని, దాని కారణము చాలకాలమునకు గాని తెలియలేదు.

నిజమునకు ఆ విద్యార్థి పాఠమును దాటి పోలేదు. మనుచరిత్రకు నాయకుడెవరు? స్వరోచి. స్వారోచిష మనువు పుట్టుక చెప్పుటకే ఆ కావ్యము పుట్టినది. కాని ఆంధ్రదేశమున పదిమందిని నిలిపి అడిగినచో తొమ్మండుగురు ప్రవరుని, వరూధినిని చెప్పుదురు. కాళ్ళకు లేపనము పూసికొని హిమాలయమునకు పోయిన అరుణాస్పదపుర బ్రాహ్మణుడును, అతనిని చూచి మోహించిన గంధర్వకన్యయును కథకు పీఠిక మాత్రమే. ఐనను పీఠికయే ప్రబంధమును మ్రింగినది. పెద్దనగారి కలమున జరిగినదియే తెరపై రంగారావుగారి వలన జరిగినది.

మన లక్షణకర్తలు ఈ విషయమును ఎరుగనివారు కారు. నాయకునకు వారు ఒక పరివారమునే ఏర్పరచిరి. విటుడు, విదూషకుడు, ప్రతినాయకుడు, పీఠమర్దుడు అందలివారు. పీఠమర్దుడు నాయకునకు అనుచరుడై, భక్తుడై, గుణములలో అతనికంటె కొంచెము తక్కువవాడై యుండవలెనని ధనంజయుడు దశరూపకమున విధించెను. ఈ "కొంచెము తక్కువ" అను మాటలోనే చిక్కంతయు ఉన్నది. పాత్రను కొలిచి తగ్గించుట కవికి సాధ్యము. నటుని ప్రతిభను కొలిచి తగ్గించుట ఎవరికి సాధ్యము? దండి మరియొక త్రోవ చూపెను. శత్రువు యొక్క వంశమును, శౌర్యమును, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని గెలిచెనని చెప్పుటచేతనే నాయకుని ఔన్నత్యము ప్రకాశించునని కావ్యాదర్శమున ఆయన అభిప్రాయము. ఒకరిది తగ్గించు మార్గము, మరియొకరిది పెంచు మార్గము. మన చలనచిత్రములలో నిలిచినవి రెండవ మార్గమున నడచినవే అని నా నమ్మకము.

మన పల్లెలకు ఈ రహస్యము ఇంకను పాతది. బుఱ్ఱకథలో నడుమ నిలిచి కథ చెప్పువాడు ప్రధానుడు. ఇరుప్రక్కల వంతలు ఇరువురు. వారిలో ఒకడు హాస్యము చెప్పును, ఒకడు లోకమునందలి రాజకీయము చెప్పును. కథకుడు వీరరసమున ఊగిపోవుచుండగా హాస్యపు వంతవాడు ఒక్క అమాయకపు ప్రశ్న వేసి సభనంతయు తనవైపు త్రిప్పుకొనును. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు తెరపై నుండగనే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పడుదురు. తెల్లవారినపిదప పిల్లలు అనుకరించునది రాముని కాదు, జుట్టుపోలిగానిని. వంతవాడు గొప్పవాడైనచో కథకునకు చిన్నతనమని మన పెద్దలు ఎన్నడును అనుకొనలేదు. వంత లేని కథకుడు ఒంటిచేతి చప్పటయే కదా!

ఇక మాయాబజారునే చూతము. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి రచన, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణము ఆ చిత్రమునకు మూలబలములు. పాండవుల ఇంటి పెండ్లికథలో పాండవులొక్కరును కనబడరు. కథ చాలదూరము నడచిన పిమ్మట గాని ఘటోత్కచుడు ప్రవేశింపడు. ప్రవేశించిన తరువాత కథ అతనిదే. ఒక విశేషమును మాత్రము విద్యార్థులు గమనింపవలెను. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారిన తరువాత ఆ వేషమును నడపినది సావిత్రిగారు. ఆడుపిల్ల ఒంటిలో రాక్షసుని ఠీవి, ఆ నడక, ఆ చూపు, ఉలికిపడి మరల సిగ్గు నటించుట, ఇవన్నియు ఆమె చేయవలసి వచ్చెను. అనగా ఆ చిత్రనాయిక సహాయనటుని అనుకరించినది! రంగారావుగారి నడక, రాజసము అంత స్పష్టముగా ప్రేక్షకుని మనస్సున నాటుకొనకున్నచో సావిత్రిగారి అనుకరణమునకు నవ్వెక్కడ పుట్టును? ఆమె అంత నిపుణురాలు కాకున్నచో ఆయన ఠీవి మరల మనకెట్లు కనబడును? ఇచ్చట ఒకరిని మించి ఒకరు పోవుట లేదు, ఒకరిని ఒకరు మోయుచున్నారు.

నాటి కృష్ణా జిల్లా నూజివీడులో 1918లో జన్మించి, కొంతకాలము అగ్నిమాపక శాఖలో కొలువు చేసి చిత్రరంగమున ప్రవేశించిన సామర్ల వెంకట రంగారావుగారికి ఈ విద్య కొత్త కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోట రాముడు నాయకుడు. కాని నేపాళ మాంత్రికుని గొంతును మిమిక్రీ కళాకారులు నేటికిని విడువలేదు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆయన కీచకుడు. ఆ చిత్రమున బృహన్నలగా రామారావుగారు, సైరంధ్రిగా సావిత్రిగారు నటించిరి. కథ సగములోనే కీచకుడు చచ్చును. చంపువాడు చిత్రనాయకుడైన అర్జునుడు కాదు, భీముడు. ఇన్ని విధముల ఆ పాత్ర ప్రక్కకు నెట్టబడినది. అయినను 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడను గౌరవము ఆ చిత్రమునుండి దక్కినది కీచకునకే. సహాయనటుడని కాదు, ఉత్తమ నటుడని!

కొన్నియెడల చిత్రనిర్మాతలే ఈ సత్యమును ఒప్పుకొని పేరులోనే చాటిరి. 1962లో వచ్చిన గుండమ్మకథలో రామారావు, నాగేశ్వరరావుగారలు ఇరువురు నాయకులు. సావిత్రి, జమునలు ఇరువురు నాయికలు. రంగారావుగారును ఉన్నారు. కాని కథకు పేరిచ్చినది సూర్యకాంతముగారి గుండమ్మ. సవతి కూతురిచేత పనులు చేయించుకొను గయ్యాళి పేరు నాలుగు వెలుగుచుక్కలకు పైన నిలిచినది. ఆమె ఎడమచేతి విసురును చూచి తిట్టుకొననివారు లేరు, మరల చూడగోరనివారును లేరు. అదే సంవత్సరమున వచ్చిన మహామంత్రి తిమ్మరుసులో రాయలు రామారావుగారు. పేరు మాత్రము మంత్రిది, అనగా గుమ్మడి వెంకటేశ్వరరావుగారిది. గుమ్మడిగారు 1927లో పుట్టినవారు. రామారావుగారికంటె నాలుగేండ్లు చిన్న. అయినను మాయాబజారులో ఆయన కృష్ణునకు అన్నగారైన బలరాముడు, ఇచ్చట రాయలు "అప్పాజీ" యని కొలిచిన పెద్ద. తన వయస్సును పాత్రకు ధారపోసి, పెద్దరికమును చిన్నతనముననే భరించుట సహాయనటుని వ్రతములలో ఒకటి.

ఇట్లేల జరుగును? నాకు తోచిన కారణములు మూడు. మొదటిది ఔచిత్యబంధము. నాయకుడు పిసినారి కారాదు, పిరికి కారాదు, నవ్వులపాలు కారాదు. అతనిచుట్టు ధర్మము గోడ కట్టినది. సహాయపాత్రకు ఆ గోడ లేదు. లోకమున మనము నిత్యము చూచు లోభము, అసూయ, ఆకలి, కపటము, వెఱ్ఱి వాత్సల్యము అతని పాలబడినవి. మనము నాయకుని యందు కోరికను చూచుకొందుము. సహాయపాత్రయందు మన ఇరుగుపొరుగును చూచుకొందుము. రెండవది అనిశ్చితి. నాయకుడు గెలుచునని టిక్కెట్టు కొనకముందే తెలియును. ప్రక్కవాడేమి చేయునో చివరివరకు తెలియదు. మూడవది కాలము. నాయకునకు మూడు గంటల వ్యవధి కలదు, ప్రక్కవానికి పది నిమిషములు. ఆ పది నిమిషములలో ఒక జీవితమునంతయు ఇమిడ్చవలెను గనుక అతని ప్రతి చూపును, ప్రతి విరుపును సారవంతమగును. ఒక్క పద్యములో కథ చెప్పు కవికిని, వేయి పద్యముల కావ్యము వ్రాయు కవికిని గల భేదము వంటిదిది.

మా దివిసీమ, గుడివాడ, బందరు ప్రాంతములవారము ఈ విషయమున ఒకింత గర్వింపవచ్చును. నాయకులిద్దరిని, నిమ్మకూరు రామారావుగారిని, రామాపురము నాగేశ్వరరావుగారిని, ఈ నేలయే కన్నది. ప్రక్కన నిలిచినవారిని సైతము ఈ నేలయే కన్నది. గుడ్లవల్లేరు చెంత కౌతవరములో 1935లో జన్మించిన కైకాల సత్యనారాయణగారు గుడివాడ కళాశాలలో చదివి చిత్రరంగమునకు పోయిరి. 1959లో సిపాయి కూతురు చిత్రమున ఆయన నాయకుడుగానే ప్రవేశించిరి. ఆ చిత్రము నిలువలేదు. రూపమున రామారావుగారిని పోలియుండుటచే కొన్నియెడల ఆయనకు మారుగా నిలుచు పని దక్కినది. ఆలోచింపుడు: నాయకుడు కావలెనని పోయిన యువకుడు మరియొక నాయకుని వీపుగా మిగులుట! అచ్చటనే ఆగిపోయిన వారెందరో! ఆయన ఆగలేదు. ప్రతినాయకుడై, తండ్రియై, అన్నయై వందలాది పాత్రలు ధరించిరి. 1977లో యమగోలలో ఆయన యముడు. 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల వచ్చినవి. నాయకులు మారిరి, రామారావుగారి స్థానమున చిరంజీవిగారు, పిమ్మట ఆలీగారు నిలిచిరి. యముడు మాత్రము మారలేదు. 1996లో మచిలీపట్టణము ప్రజలు ఆయనను లోక్‌సభకు పంపిరి. 2022 డిసెంబరులో ఆయన కీర్తిశేషులైరి. నేటికిని మా ప్రాంతపు నాటకములలో యముని వేషగాడు పెదవి విప్పగనే వినబడునది కౌతవరపు కంఠమే.

కంకిపాడున 1942లో జన్మించిన కోట శ్రీనివాసరావుగారి మాటయు ఇట్టిదే. జంధ్యాలగారి అహ నా పెళ్ళంట చిత్రము 1987లో వచ్చినది. నాయకుడు రాజేంద్రప్రసాదుగారు నవ్వించుటలో ఎవరికిని తీసిపోనివారు. కాని పైన వ్రేలాడగట్టిన కోడిని చూచుచు వట్టి అన్నము తిను లక్ష్మీపతిని మరచినవారెవ్వరు? పిసినారితనమును గూర్చి వ్యాసము వ్రాయుమన్నచో నా విద్యార్థులు నేటికిని ఆ దృశ్యమునే ఉదాహరింతురు. కోటవారు 2025 జులైలో గతించిరి. ఆ కోడి మాత్రము ఇంకను వ్రేలాడుచునే యున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపము కలదు. ప్రక్కవాడు ఇంతగా వెలిగినచో కథ కుంటుపడదా? 1975లో బాపు రమణలు తీసిన ముత్యాలముగ్గులో రావు గోపాలరావుగారి కాంట్రాక్టరు మాటలు రికార్డులుగా వెలువడి ఊరూర మ్రోగినవి. సీతమ్మవారి వంటి ఒక ఇల్లాలి దుఃఖము ఆ చిత్రమునకు ప్రాణము. ఆమె కన్నీటిని మరచి దుష్టుని చమత్కారమును వల్లించు ప్రేక్షకుని ఏమనవలెను? ఆక్షేపము తేలికది కాదు. షేక్‌స్పియరు రోమియో జూలియట్ నాటకమున మెర్కూషియో అను మిత్రపాత్రను మూడవ అంకముననే చంపివేసెను. వానిని చంపకున్నచో వాడే తనను చంపియుండెడివాడని కవి అనినట్లు డ్రైడెన్ 1672లో వ్రాసెను. వెనిస్ వర్తకుడు అని నాటకమునకు పేరు. ఆ వర్తకుని పేరు ఆంటోనియో యని ఎందరికి జ్ఞాపకము? అందరికి జ్ఞాపకమున్నది షైలాకు. కవిసార్వభౌములకే తప్పని చిక్కు ఇది.

ఐనను నా సమాధానమిది. ముత్యాలముగ్గులో కాంట్రాక్టరు మాట తియ్యనిది కాకున్నచో ఆ ఇంట వాని కుట్ర చెల్లునా? దుర్మార్గము నవ్వుచు వచ్చునని, ముచ్చటగా మాటలాడునని తెలిసినప్పుడే ఆ ఇల్లాలి నిస్సహాయత మనకు తెలియును. ప్రక్కవాని వెలుగు కథవైపు తిరిగినంతవరకు అది కథకు దీపమే. తనవైపే తిరిగినప్పుడు మాత్రము అది మంట. ఈ రెంటికిని గల సన్నని గీతను ఎరిగినవారే పైన చెప్పిన మహానటులు.

వారికి లోకమిచ్చిన ప్రతిఫలమును గూర్చియు ఒక్కమాట చెప్పవలెను. అమెరికాలో ఆస్కారు బహుమతులు సహాయనటులకు ఈయనారంభించినది 1937లో. అప్పుడును నాయకునకు ప్రతిమ, సహాయనటునకు ఒక ఫలకము మాత్రమే. సమానమైన ప్రతిమ 1944లో గాని వారి చేతికి రాలేదు. మన దేశమున జాతీయ చలనచిత్ర పురస్కారములలో సహాయనటునకు చోటు దొరకినది 1984వ సంవత్సరపు చిత్రములతో. రంగారావుగారు అంతకు పదేండ్ల ముందే, 1974 జులైలో, కన్నుమూసిరి. ఆయనకు పద్మ పురస్కారము అందలేదు. 2013లో తపాలా శాఖ ఆయన ముఖముతో బిళ్ళ విడుదల చేసినది. రేలంగి వెంకటరామయ్యగారికి 1970లో పద్మశ్రీ లభించుట ఈ చీకటిలో ఒక మిణుకు.

ఇంతవరకు పెద్దల మాట చెప్పితిని. ఇక నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఈ వ్యాసమునకు అసలు కారణము అదియే.

ఇరువదేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో వార్షికోత్సవమునకు హరిశ్చంద్ర నాటకమునుండి ఒక ఘట్టము వేయింప దలచితిని. పద్యము చక్కగా పాడగల ఒక విద్యార్థికి హరిశ్చంద్రుని వేషమిచ్చితిని. బక్కపలుచని మరియొక బాలుడు ప్రతిదినము వచ్చి తలుపువద్ద నిలుచుచుండెను. సముద్రపు దరి పల్లెవాడు, తండ్రి చేపల చెరువు కాపలాదారు. వానికి పద్యము రాదు. ఓదార్పుగా నక్షత్రకుని వేషమిచ్చితిని. విశ్వామిత్రుని అప్పు రాబట్టుకొనుటకై హరిశ్చంద్రుని వెంటబడి వేధించు ఆ శిష్యుని పేరు మన భాషలో నానుడియైనది. గౌరన ద్విపద నాటినుండి బలిజేపల్లివారి నాటకము వరకు వాడు తెలుగువారికి సుపరిచితుడు.

ఉత్సవమునకు మూడు దినముల ముందు అధ్యాపకుల యెదుట ఒకసారి ఆడించితిమి. ఆ బక్కవాడు నోరు తెరచెను. అది పుస్తకములోని నక్షత్రకుడు కాదు. చెరువు గట్టుకు బాకీ వసూలుకై వచ్చు మనుష్యుని వాడు చూచియున్నాడు. ముందు కుశలమడిగి, నీడకు కూర్చుండి, మంచినీళ్ళు త్రాగి, పిమ్మట మెల్లగా మాట విసరు ఆ తీరు వాడు దించివేసెను. అందరు పడిపడి నవ్విరి. హరిశ్చంద్రుని వైపు చూచువారు లేరైరి. నాకు భయము వేసెను. వానిని ప్రక్కకు పిలిచి, "నువ్వు కాస్త తగ్గించాలిరా. నాటకం హరిశ్చంద్రుడిది, నీది కాదు" అంటిని. "అలాగేనండి మాస్టారూ" అని వాడు తలవంచుకొనెను.

ఉత్సవమునాడు వాడు నా మాట అక్షరాల పాటించెను. చెప్పవలసిన మాటలు చెప్పి ప్రక్కకు తొలగెను. హరిశ్చంద్రుడు పద్యములు రాగయుక్తముగా పాడెను. సభలో దగ్గులు, గుసగుసలు వినవచ్చినవి. నాటకము పండలేదు. తెర దించిన తరువాత హరిశ్చంద్రుని వేషము వేసిన బాలుడు రంగు కడుగుకొనకుండగనే నా యొద్దకు వచ్చి, "వాడు ఇవాళ నన్ను సరిగ్గా వేధించలేదండి. నాకు ఏడుపే రాలేదు" అనెను.

దశరూపకము చదివిన నాకు తెలియనిది ఆ బాలునకు తెలిసినది. వేధించువాడు గట్టివాడైనప్పుడే సత్యము నిలిచినదని తెలియును. నేను నక్షత్రకుని తగ్గించి హరిశ్చంద్రుని పెంచితిననుకొంటిని, ఇద్దరిని తగ్గించితిని.

ఆ బక్కవాడు కళాశాలలో నుండగా మరల రంగమెక్కలేదు. కొన్నియేండ్లకు పెడన పోవు బస్సులో కనబడెను. గుర్తుపట్టి లేచి నాకు చోటిచ్చెను. ఏదో కొలువులో స్థిరపడినాడట, పిల్లలున్నారట. "నాటకాలేమైనా వేస్తున్నావురా?" అని అడిగితిని. "మీరే తగ్గించుకోమన్నారుగా మాస్టారూ" అని నవ్వెను. ఆ నవ్వులో నిష్ఠురము లేదు. ఉండియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. మీ బడులలో ఉత్సవములు జరుగును, పాత్రలు పంచుదురు. మంచి గొంతు, మంచి రూపము గలవానికి ముఖ్యపాత్ర దక్కును. తలుపువద్ద నిలిచినవానికి బంటు వేషమో, రాక్షస వేషమో దక్కును. వాడు బాగుగ చేసినచో తగ్గింపుమని చెప్పకుడు. ముఖ్యపాత్రధారిని పిలిచి, "వాడికి దీటుగా నిలబడు" అని చెప్పుడు. విద్యార్థులకును ఒక్కమాట. మీకు చిన్నవేషము దక్కినదని చిన్నబుచ్చుకొనవద్దు. ఘటోత్కచుడు కథ చాలదూరము నడచిన తరువాత వచ్చినవాడే.

నాడు తరగతిలో ప్రశ్న అడిగిన విద్యార్థికి నేనిచ్చిన ఉత్తరము ఇంతే: "శాస్త్రం ప్రకారం అభిమన్యుడు, పోస్టరు ప్రకారం కృష్ణుడు, నీ ఈల ప్రకారం ఘటోత్కచుడు. ముగ్గురిలో ఎవరిని తీసేసినా బజారు మూతపడుతుంది." తరగతి మరల నవ్వినది. నేను మనుచరిత్ర తెరచి వరూధిని కడకు పోతిని.